అప్పులవారు వాకిట నిలిచినప్పుడు

అప్పు లేని సంసారము అరుదు. విత్తనములకు, ఎరువులకు, బిడ్డ పెండ్లికి, పిల్లవాని చదువునకు, ఇంటనొకరికి జబ్బు చేసినపుడు ఆసుపత్రికి, ఇట్లు అక్కరలన్నియు ఒక్కసారి మీదపడినపుడు ఎంత పొదుపరియైన గృహిణికైనను చేయి చాపక తప్పదు. తీసికొన్న ఋణమును తీర్చుట ధర్మము. అందు మాకు సందేహము లేదు. కాని తీర్చుటలో ఋణగ్రస్తులకు ధర్మమెట్లున్నదో, వసూలు చేయుటలో ఋణదాతలకును ధర్మమట్లే యున్నది. ఈ రెండవ ధర్మమును గూర్చి మన యిండ్లలో మాటలాడుకొనుట తక్కువ. అప్పుపడితిమి గనుక ఎవరేమన్నను తల వంచుకొని సహింపవలెననెడు భ్రమ మన స్త్రీలలో మెండుగానున్నది. ఆ భ్రమను కొంతయైనను తొలగించుటకే యీ వ్యాసము.

హనుమకొండ చెంతనున్న ధర్మసాగర్ మండలమును దృష్టియందుంచుకొని మేమీ సంగతులు వ్రాయుచున్నాము. ఇది పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది; 2016లో జిల్లాలను విభజించినపుడు వరంగల్లు అర్బన్ జిల్లాలో చేరినది; 2021లో ఆ జిల్లాకు హనుమకొండయని పేరు పెట్టిరి. ఊరి పేరును చెరువు పేరును ఒక్కటే. దేవాదుల ఎత్తిపోతల పథకము మూలమున గోదావరి జలములు ఆ చెరువునకు చేరుచున్నవి. చుట్టునున్న పల్లెలలో వరి, ప్రత్తి పండించువారును, నగరమునకు పోయి కూలిచేసికొని వచ్చువారును గలరు. పల్లెయు పట్టణమును కలిసెడి యిట్టి చోట అప్పులిచ్చువారు పలువురు. బ్యాంకులు, స్వయంసహాయక సంఘములు, సూక్ష్మఋణ సంస్థలు, బంగారముపై అప్పిచ్చువారు, దినదినము వసూలు చేసికొనెడు గిరిగిరివారు, ఊరి షావుకారు. నేడు వీరందరితో పాటు సెల్‌ఫోనులోని యాప్‌లు కూడ.

ఈ అప్పులలో అనేకము ఇల్లాలి సంతకము మీదనే పుట్టుచున్నవి. స్త్రీలు మాట తప్పరనియు, కోరినపుడు ఇంట దొరకుదురనియు ఋణదాతల నమ్మకము. కనుక కిస్తు తప్పిన నాడు వసూలుదారు వచ్చునప్పటికి మగవారు పొలముననో పనిలోనో యుందురు. వాకిటికి వచ్చి సమాధానము చెప్పవలసినది ఆమెయే. అందుచే ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో ముందుగా తెలిసికొనవలసినదియు ఆమెయే.

ఉమ్మడి రాష్ట్రమున జరిగిన సంగతి

ఈ విషయమున తెలుగునాడు నేర్చిన పాఠము చిన్నది కాదు. కొందరు స్త్రీలను ఒక జట్టుగా కూర్చి, తాకట్టేమియు కోరక, ఒకరి అప్పునకు తక్కినవారిని పూచీపరచి, వారము వారము కిస్తు పుచ్చుకొనుట సూక్ష్మఋణ సంస్థల పద్ధతి. తాకట్టు పెట్టుటకేమియు లేని పేదరాలికి అప్పు పుట్టుట మంచిదే. కాని ఒకే వీధిలో రెండు మూడు సంస్థలు పోటీపడి అప్పులిచ్చిన పిమ్మట, ఒకదాని కిస్తుకై వేరొకదానివద్ద తీసికొనుట, దానిని తీర్చుటకు మరియొకదానిని ఆశ్రయించుట పలు ఇండ్లలో పరిపాటియయ్యెను. 2006 మార్చిలో కృష్ణా జిల్లాలో వడ్డీలను గూర్చియు వసూలుపద్ధతులను గూర్చియు ఫిర్యాదులు రాగా అధికారులు అట్టి సంస్థల శాఖలను సుమారు 50 మూయించిరి. హెచ్చరిక నాడే వచ్చినది, చెవినిడినవారు తక్కువ.

2010వ సంవత్సరమున వరంగల్లుతో సహా పలు జిల్లాలనుండి ఋణగ్రస్తుల ఆత్మహత్యల వార్తలు వెలువడెను. మృతులలో గృహిణులును గలరు. వసూలుదారులు తామే వచ్చుటతో తృప్తిపడక, జట్టులోని తక్కిన స్త్రీలను వెంటబెట్టుకొని వచ్చి, కిస్తు కట్టలేని యామె వాకిట కూర్చుండబెట్టిరనియు, నలుగురు వినుచుండగా దుర్భాషలాడిరనియు నాటి పత్రికలు వ్రాసెను. అప్పు మొత్తము చూచిన కొన్ని వేల రూపాయలే కావచ్చును. ప్రాణము తీసినది ఆ మొత్తము కాదు, వాకిట జరిగిన అవమానము.

ఆ సంవత్సరము అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఒక ఆర్డినెన్సు జారీచేసెను. కొలది కాలమునకే అది శాసనమయ్యెను. సూక్ష్మఋణ సంస్థలు జిల్లా అధికారివద్ద నమోదు కావలెననియు, వడ్డీ యెన్నడును అసలును మించరాదనియు, వసూలు గ్రామపంచాయతీ కార్యాలయము వద్దగాని కలెక్టరు నిర్ణయించిన బహిరంగస్థలమునగాని జరుగవలెననియు అది శాసించినది. ఋణగ్రస్తురాలిని వెంబడించుట, అవమానించుట, ఆమె యింటిచుట్టును పదేపదే తిరుగుట బలాత్కారముగా పరిగణింపబడి, దానికి 3 సంవత్సరముల వరకు కారాగారముగాని 1 లక్ష రూపాయల వరకు జరిమానాగాని రెండునుగాని విధింపవచ్చుననెను. అసలును మించిన వడ్డీ కూడదనుట మనకు క్రొత్త మాట కాదు. వడ్డీతో కూడిన బాకీ అసలునకు రెట్టింపు దాటరాదని పూర్వపు ధర్మశాస్త్రములే చెప్పినవి.

ఆ శాసనముతో వసూళ్ళు చాలవరకు ఆగిపోయెను. సంస్థలు క్రొత్త అప్పులిచ్చుట మానగా, అక్కరగలవారు కొందరు మరల గిరిగిరివారి గుమ్మము త్రొక్కిరి. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఆర్థికసంస్థలు ఆ బ్యాంకు అధికారమునకే లోబడియుండుననియు, వడ్డీవ్యాపారమును గూర్చిన రాష్ట్రశాసనములు వానికి వర్తింపవనియు 2022 మే నెలలో కేరళమునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. దాని ననుసరించి 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు మన శాసనమును గూర్చియు అట్లే నిర్ణయించినది. కావున వసూలుదారునితో 2010 నాటి చట్టము పేరు చెప్పిన చాలునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. ఆ రక్షణ సడలినది. అయినను దాని స్థానమున వేరు రక్షణలున్నవి. వానిని తెలిసికొందము.

రిజర్వు బ్యాంకు నిబంధనలు

2022 మార్చిలో రిజర్వు బ్యాంకు సూక్ష్మఋణములను గూర్చి నిబంధనలు వెలువరించినది. అవి ఆ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. సంవత్సరాదాయము 3 లక్షల రూపాయలకు మించని కుటుంబమునకు తాకట్టు లేకుండ ఇచ్చెడి అప్పు సూక్ష్మఋణము. ఇచ్చినది బ్యాంకైనను కంపెనీయైనను ఈ నిబంధనలు వర్తించును.

మొదటిది చోటునకు సంబంధించినది. కిస్తు ఎక్కడ కట్టవలెనో ఋణమిచ్చువారును పుచ్చుకొనువారును కలిసి నిర్ణయించుకొనవలెను. ఆ చోటికి ఋణగ్రస్తురాలు వరుసగా రెండు పర్యాయములు గాని అంతకు మించి గాని రానియెడల మాత్రమే వసూలుదారు ఆమె యింటికిగాని పనిచోటికిగాని పోవచ్చును. ఒక్క కిస్తు తప్పగానే సాయంకాలమునకు వాకిట నిలుచుట నియమవిరుద్ధము. కాని దీనిలో మనకును ఒక బాధ్యత యున్నది. చేతిలో డబ్బు లేకపోయినను నిర్ణయించిన దినమున నిర్ణయించిన చోటికి పోయి, కట్టలేకపోయితిమని చెప్పి, కట్టగల దినమును తెలుపవలెను. సిగ్గుచే ఇంట దాగుట వలన వసూలుదారు ఇంటికి వచ్చుటకు మనమే త్రోవ చూపినవారమగుదుము.

రెండవది కాలము. సూక్ష్మఋణము విషయమున ఉదయము 9 గంటలకు పూర్వమును, సాయంత్రము 6 గంటల తరువాతను ఋణగ్రస్తులకు ఫోను చేయరాదు. ఇతర ఋణముల వసూలుకై 2022 ఆగస్టులో జారీచేసిన ఉత్తరువు ప్రకారము ఉదయము 8 గంటలు, సాయంత్రము 7 గంటలు హద్దులు. ఆ వేళలలో కూడ పదేపదే ఫోనుచేసి విసిగించుట కూడదు.

మూడవది నడత. బెదరింపులు, బూతుమాటలు, చేయి చేసికొనుట, చేసికొందునని భయపెట్టుట నిషిద్ధము. చుట్టములను, స్నేహితులను, తోడి పనివారిని వేధింపరాదు. అప్పుపడినవారి పేర్లను నలుగురికి తెలియునట్లు ప్రకటింపరాదు. బాకీ యెంతయో, కట్టనిచో ఏమగునో తప్పుగా చెప్పి భ్రమపెట్టరాదు. సంస్థ తనకు బదులు వేరొకనిని వసూలునకు నియమించినయెడల, అతని వివరములను ముందుగా ఋణగ్రస్తురాలికి తెలుపవలెను. అతనివద్ద గుర్తింపుకార్డును, సంస్థ యిచ్చిన అధికారపత్రమును, నోటీసు ప్రతియు ఉండవలెను. అతడు చేసిన తప్పునకు తమకు సంబంధము లేదని సంస్థవారు తప్పించుకొనజాలరు.

నాలుగవది మనకు మిక్కిలి ఉపయోగపడునది. కుటుంబమునకు గల అప్పులన్నిటి నెలకిస్తులును కలిసి ఆ కుటుంబపు నెల ఆదాయములో సగమునకు మించకుండ చూచుకొనియే సూక్ష్మఋణము ఈయవలెను. భార్యాభర్తల సంపాదన నెలకు 20,000 రూపాయలనుకొందము. పాత అప్పులకు 7,000 కట్టుచున్నచో, క్రొత్త అప్పు కిస్తు 3,000 దాటరాదు. ఈ లెక్కను ఋణదాత వేయుటకు పూర్వమే గృహిణి వంటింటి గోడమీది క్యాలెండరు ప్రక్కన వేసికొనుట మేలు. మరియు ఋణకార్డు మనకు తెలిసిన భాషలో నుండవలెను. దానిపై వడ్డీ, కట్టిన ప్రతి కిస్తు, ఫిర్యాదు చేయవలసిన చిరునామా ఉండవలెను. గడువునకు పూర్వమే అప్పు తీర్చివేసినచో అపరాధరుసుము పుచ్చుకొనరాదు.

గడప దాటు అధికారము ఎవరికున్నది?

పూర్వము మనదేశమున అప్పిచ్చినవాడు బాకీదారుని గుమ్మమున అన్నపానములు మాని కూర్చుండెడివాడు. తనవలన దైవాగ్రహము కలుగునను భయమును బాకీదారునికి పుట్టించుట అతని యుద్దేశము. దానినే ధర్నాయనిరి. నేడు సమ్మెలలో వినుచున్న మాటయు అదియే. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఇట్లు దైవాగ్రహము పేర భయపెట్టి పని చేయించుకొనుటను నేరముగా చేర్చి, ధర్నా కూర్చుండుటనే దానికి ఉదాహరణముగా చూపెను. అనగా వాకిట కూర్చుండి అప్పు రాబట్టు తంత్రము పాతది. దానిని కాదనిన చట్టమును పాతదే.

2024 జులై 1 నుండి ఆ శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. అందు 329వ విభాగము గృహాతిక్రమణమును గూర్చినది. బెదరించు, అవమానించు, లేక విసిగించు తలంపుతో ఒకరి యింట జొరబడుట నేరము. మొదట మర్యాదగా లోపలికి వచ్చినవాడైనను, ఆ తలంపుతో వెడలిపోక నిలిచియున్నచో అదియు నేరమే. 351వ విభాగము బెదరింపును, 79వ విభాగము స్త్రీ మర్యాదను భంగపరచు మాటలను చేష్టలను శిక్షించును. కావున గడప లోపలికి రమ్మనుటయు, రావలదనుటయు ఇల్లాలి యిష్టము. అప్పిచ్చినంత మాత్రమున ఎవరికిని ఆ గడప దాటు హక్కు రాదు.

మరి వస్తువులను పట్టుకొనిపోవుదుమని బెదరించుదురు గదా? తాకట్టు లేని అప్పునకు ఇంటి వస్తువు ముట్టవలెనన్న ముందు కోర్టులో దావా వేయవలెను, డిక్రీ పొందవలెను, ఆ పిమ్మట కోర్టు ఉత్తరువుతో అమీను రావలెను. వసూలుదారు తన చేతులతో టీవీనిగాని, కుట్టుమిషనునుగాని, మేకనుగాని తోలుకొనిపోవుట చట్టమెరుగని పని. అప్పులను చట్టమార్గమున రాబట్టవలెనేగాని కండబలము గలవారిని పంపి కాదని 2007లో సుప్రీంకోర్టు గట్టిగా పలికినది.

కోర్టు అమీనుకైనను హద్దులున్నవి. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు నేటికిని అమలులోనున్నది. దాని ప్రకారము సూర్యాస్తమయమైన పిమ్మట, సూర్యోదయమునకు పూర్వము జప్తునకై ఇల్లు ప్రవేశింపరాదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచములు, పరుపులు జప్తు చేయరాదు. మతాచారము ననుసరించి స్త్రీ తన మేనినుండి తీయగూడని ఆభరణములను ముట్టరాదు. మంగళసూత్రము నిచ్చి కిస్తు కట్టుమని యెవరైన పలికినచో, న్యాయస్థానమునకే లేని యధికారమును అతడు చూపుచున్నాడని తెలియునది. చేతిపనివారి పనిముట్లు, వ్యవసాయదారుని జీవనమునకు కావలసిన అరక, పశువులు, విత్తనపు గింజలు, కూలివారి కూలి జప్తునకు లోబడవు. రైతుగాని కూలివాడుగాని కాపురమున్న సొంత యిల్లును, తాకట్టు పెట్టనియెడల, ఈ జాబితాలోనిదే.

జైలు మాట కూడ తరచుగా వినబడుచుండును. పోలీసులు వచ్చి పట్టుకొనిపోవుదురని చెప్పి ఎందరు తల్లులను ఏడిపించుచున్నారో! అప్పు తీర్చలేకపోవుట నేరము కాదు. సివిలు డిక్రీ సొమ్ము కట్టలేదని స్త్రీని నిర్బంధింపగూడదని ఆ కోడు 56వ విభాగము స్పష్టముగా చెప్పుచున్నది. పురుషుని విషయమున సైతము, కట్టు శక్తి లేకపోవుట మాత్రమే కారాగారమునకు కారణము కాజాలదని 1980లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని ఒక సంగతి మరువరాదు. ఇచ్చిన చెక్కు బ్యాంకులో డబ్బు లేక తిరిగివచ్చిన, అది క్రిమినలు కేసు కాగలదు. అందుచే ఖాళీ చెక్కుపైనను, ఖాళీ ప్రోనోటుపైనను, ఖాళీ కాగితముపైనను సంతకముగాని వేలిముద్రగాని వేయనే కూడదు.

తాకట్టు పెట్టిన అప్పుల దారి వేరు. కుదువబెట్టిన నగలను, అప్పుపై కొన్న బండిని, తనఖా పెట్టిన యింటిని ఋణదాత వసూలునకు వాడుకొనగలడు. కాని అక్కడను నోటీసు లేక, పద్ధతి లేక పనిచేయరాదు. 2002 నాటి చట్టము క్రింద తనఖా యింటిని స్వాధీనపరచుకొనదలచిన బ్యాంకు ముందుగా 60 దినముల గడువుతో నోటీసు ఈయవలెను. వ్యవసాయభూమికి ఆ చట్టము వర్తింపదు.

ఎవరి అప్పు ఎవరిది?

మగడు చేసిన అప్పునకు భార్యను, తండ్రి చేసిన అప్పునకు కొడుకును, అన్న అప్పునకు ఆడబిడ్డను నిలదీయుట మన పల్లెలలో ఉన్నది. సంతకము చేయక, జామీను ఉండక భర్త యప్పునకు భార్య బాధ్యురాలు కాదు. పుట్టింటివారును అత్తింటివారును ఆమెకిచ్చిన స్త్రీధనము ఆమె సొత్తు. అప్పుపడినవాడు మరణించినచో, అతనినుండి వారసులకు సంక్రమించిన ఆస్తి మేరకే వారు బాధ్యులు. తమ రెక్కల కష్టమునుండి కట్టవలసిన పని లేదు. తండ్రి ఋణము తీర్చుట పుత్రుని పుణ్యధర్మమను కారణము మాత్రముతో కొడుకులపై దావా నడపుటను 2005 నాటి హిందూ వారసత్వ చట్టసవరణ తొలగించినది. ఇష్టముతో తీర్చువారిని మేము వారింపము. కాని కర్మకాండ ముగియకముందే వాకిటికి వచ్చి, వితంతువుచేత క్రొత్త ప్రోనోటు వ్రాయించుకొనువారికి మాత్రము తొందరపడి సంతకము పెట్టవలదు. వకీలునకు చూపి చెప్పెదమనుడు.

వాకిలి లేని వసూలుదారు

నేడు వసూలుదారు వీధిలోనుండియే రానక్కరలేదు. చేతిలోని ఫోనునుండియు వచ్చుచున్నాడు. 2020 చివర తెలంగాణమున యాప్ అప్పుల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనుటయు, హైదరాబాదు పోలీసులు పలువురిని నిర్బంధించుటయు చదువరులకు జ్ఞాపకముండును. అప్పుపడినవారి ఫోనులోని పేర్లన్నిటిని లాగుకొని, వారి బంధుమిత్రులకు అవమానకరమైన సందేశములు పంపుట ఆ యాప్‌ల పద్ధతి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దీనిని నిషేధించినది. అప్పిచ్చు యాప్ మన ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను, మాటలాడిన వివరములను తీసికొనరాదు. ఫలానా బ్యాంకు లేక ఫలానా కంపెనీ తరపున ఇచ్చుచున్నానని యాప్ చెప్పవలెను. చెప్పనిచో దానిని తాకనే కూడదు. ఇట్టి మోసము జరిగినపుడు 1930 అను నంబరునకు ఫోను చేయునది.

వచ్చినపుడు ఏమి చేయవలెను?

గాబరా పడవలదు. తలుపు వద్దనే నిలిచి, పేరు, సంస్థ, గుర్తింపుకార్డు, అధికారపత్రము అడుగుడు. చూపనివానితో బాకీ మాటయే యెత్తవలదు. ఇరుగుపొరుగునుండి ఒక పెద్దమనిషినిగాని మరొక స్త్రీనిగాని ప్రక్కన నిలుపుకొనుడు. వచ్చిన తేదీ, వేళ, పలికిన మాటలు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఫోనులో మాటలు పట్టుకొనగలిగిన మరియు మంచిది. రసీదు లేకుండ ఒక్క రూపాయియైనను చేతికీయవలదు. పట్టాపుస్తకము, ఆధారుకార్డు, బ్యాంకుపుస్తకము, ఏటీఎం కార్డు అసలు ప్రతులను ఎవరికిని ఈయవలదు. బిడ్డల యెదుట కేకలు వేసినచో, మర్యాదగా మాటలాడుమని ఒక్కసారి చెప్పి, వినకున్న తలుపు వేసికొనుడు. అది అమర్యాద కాదు.

బెదరించినను, చేయి చేసికొనినను, వస్తువు లాగికొనినను 100 లేక 112 నంబరునకు ఫోను చేసి పోలీసులను పిలువవలెను. స్త్రీల సహాయమునకు 181 నంబరు గలదు. సంస్థపై ఫిర్యాదును ముందుగా ఆ సంస్థకే వ్రాతపూర్వకముగా పంపి, ప్రతి దాచుకొనవలెను. 30 దినములలో సమాధానము రాకున్నను, వచ్చిన సమాధానము సరిగా లేకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును, రుసుము లేదు, వివరములకు 14448 నంబరు. వకీలును పెట్టుకొను స్తోమత లేదని దిగులుపడ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయ మిచ్చుచున్నది. ధర్మసాగర్ వారు హనుమకొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. 15100 నంబరునకు ఫోను చేసినను చాలును. ఊరి షావుకారు సైతము చట్టమునకు అతీతుడు కాడు. తెలంగాణమున వడ్డీవ్యాపారికి లైసెన్సు ఉండవలెనని నిజాము కాలమున, 1349 ఫసలీలో, చేసిన చట్టమే చెప్పుచున్నది.

తోడి స్త్రీల ధర్మము

ఇంతవరకు చెప్పినది పరులనుండి కాపాడుకొను తెరగు. ఇక మనలో మనము చక్కబెట్టుకొనవలసినది ఒకటి యున్నది. 2010లో వసూలుదారునికి గల పెద్ద బలము అతని మాట కాదు. అతని వెంట వచ్చిన జట్టు స్త్రీలు. వారును దుర్మార్గులు కారు. ఆమె కట్టనిచో ఆ భారము తమపై పడునను భయముతోనే వచ్చిరి. కాని నిన్నటివరకు ఒకే బావి నీరు తోడుకొని, ఒకరి పురుడు ఒకరు పోసిన స్త్రీలు ఒకరి వాకిట మరొకరు కాపలా కూర్చుండుట కంటె దైన్యమేమున్నది? పూచీపడిన మేరకు బాధ్యత యున్న ఉండుగాక. అది సొమ్మునకు సంబంధించిన బాధ్యత; తోడిదానిని అవమానించు బాధ్యత ఎవరిపైనను లేదు. వెంట రమ్మని వసూలుదారు పిలిచినపుడు, మేము రామని జట్టంతయు ఒక్క మాటగా చెప్పిన, అతని బలము సగము తగ్గును.

అంతకంటె ముందు, కష్టములో నున్న యామె నోరు విప్పునట్లు చేయవలెను. సంఘపు సమావేశమున నెలకొకసారియైనను ఎవరికెన్ని అప్పులున్నవో, కిస్తులెంతయో దాచక చెప్పుకొను అలవాటు రావలెను. గ్రామసమాఖ్య మూలముగా బ్యాంకు ఋణము దొరకును. 2011లో మహిళాసంఘముల భాగస్వామ్యముతో ఏర్పడిన స్త్రీనిధి సహకారసంస్థయు సంఘసభ్యురాండ్రకు అప్పులిచ్చుచున్నది. ఎక్కువ మిత్తి అప్పును తీర్చి తక్కువ మిత్తి అప్పులోనికి మారుట లాభమే. కాని కిస్తు కట్టుటకే క్రొత్త అప్పు చేయుట గోతిలోనుండి బయటపడుటకు గోతిని లోతుగా త్రవ్వుట వంటిది. కట్టలేని స్థితి రాబోవుచున్నదని తెలిసిన నాడే సంస్థవద్దకు పోయి, గడువు పెంచుమని వ్రాతమూలకముగా అడుగుట ఉత్తమము. పంట పోయినదనియు, ఇంట రోగమున్నదనియు చెప్పుకొనుటలో తప్పు లేదు.

అప్పుల దిగులుతో అన్నము మానినదానిని, మాటలాడక మూలను కూర్చున్నదానిని ఒంటరిగా విడువవలదు. ఆమె ప్రక్కన కూర్చుండుడు. మనోవ్యథకు సలహా చెప్పుటకు 14416 అను నంబరున రేయింబవళ్ళు మనుష్యులున్నారు, తెలుగులో మాటలాడవచ్చును. బాకీ యెంతటిదైనను దానికి గడువున్నది, కోర్టున్నది, రాజీ యున్నది. పోయిన ప్రాణమునకు ఏ దారియు లేదు.

సోదరీమణులారా! తీసికొన్నది తీర్చుదము, లెక్క తప్పకుండ, మాట తప్పకుండ తీర్చుదము. కాని మన బాకీ ఋణకార్డులో వ్రాసిన అంకెల వరకే. మన మర్యాదను, మన బిడ్డల నిద్రను, మన వంటపాత్రలను, మన మెడలోని సూత్రమును మనమెన్నడును ఎవరికిని అప్పుపడలేదు. ఈ మాటను ధర్మసాగరమున ఒక యిల్లాలు తన పొరుగింటి యిల్లాలికి చెప్పిన చాలును. మా శ్రమ ఫలించినట్లే.